ఎల్లారెడ్డి కల్లంలో మొదటి కుంచం

కామారెడ్డికి ఎందుకు వెళ్ళావంటే బెల్లానికి వెళ్ళానని చెప్పడం మర్యాద. నేను వెళ్ళింది ఒక జత మూత్రపిండాల కోసం. మధ్యలో చెప్పి చదివేవాళ్ళ భోజనం పాడుచేయడం కంటే ముందే చెప్పేయడం నయం.

హైదరాబాదులో ఒక వైద్య పాఠశాల ప్రయోగశాలలో నా ఉద్యోగం. చేసే పని లెక్కపెట్టడం. మన ఒంట్లో రెండు మూత్రపిండాలు ఉంటాయి కదా, ఒక్కోదానిలో రక్తాన్ని వడగట్టే జల్లెళ్ళు లక్షల్లో ఉంటాయి. ఒక్కో జల్లెడనూ, దాని వెనక ఉండే సన్నటి గొట్టాన్నీ కలిపి నెఫ్రాన్ అంటారు. పిల్లలు పుట్టేటప్పుడే ఇవన్నీ తెచ్చుకుంటారా, ఎదిగేకొద్దీ కొత్తవి పుడతాయా అన్న ప్రశ్న మా పెద్ద డాక్టరుగారిని పట్టుకుంది. ఆయన్ని పట్టుకుంటే నన్నూ పట్టుకున్నట్టే. ఆయన ప్రశ్న వేస్తారు, నేను లెక్కపెడతాను.

మూత్రపిండాన్ని తూచి, అందులోంచి చిన్న ముక్క కోసి దాన్నీ తూచి, రంగులో ముంచి, యాసిడ్‌లో నానబెడితే మెత్తబడి విడిపోతుంది. కొలిచిన నీళ్ళలో దాన్ని కలిపి, ఒక చుక్క గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో జల్లెళ్ళను ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. చుక్కలో ఎన్నో తెలిస్తే ముక్కలో ఎన్నో తెలుస్తుంది, ముక్కను బట్టి మొత్తం. మూత్రపిండాల జబ్బుతో పోయిన పిల్లలవి దీనికి పనికిరావు. నిక్షేపంగా తిరుగుతూ, మరేదో కారణాన పోయిన పిల్లలవి కావాలి. ఈ మాట ఇప్పుడు రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ, వెళ్ళకముందు రోజూ అనేదాన్నే, వంకాయలు ఏరినంత తేలిగ్గా.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే మూత్రపిండంలో రెండు ముక్కలు కోస్తే నాకు రెండు రకాల లెక్కలు వచ్చేవి. "ఒకసారి కళ్ళు చూపించుకోండి" అన్నారు పెద్ద డాక్టరుగారు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటప్పుడు కామారెడ్డి నుంచి ఆయన పాత శిష్యుడొకాయన ఉత్తరం రాశాడు. ఎల్లారెడ్డికి చెందిన ఏడేళ్ళ పిల్ల వరిమోపుల బండి మీంచి పడి, తలకు దెబ్బ తగిలి, దవాఖానలో పోయింది. శవపరీక్ష తానే చేశాడు. మీకు పనికొస్తాయని రెండు మూత్రపిండాలూ తీసి మందునీళ్ళలో ఉంచాను, ఎవరినైనా పంపండి అని దాని సారాంశం. ఆ వయసు పిల్లలవి మా దగ్గర ఒక్కటీ లేవు. "వెళ్ళి తెండి. వాళ్ళ నాన్న వేలిముద్ర కూడా ఒక కాగితం మీద తీసుకోండి. పెద్ద పనేం కాదు" అన్నారు పెద్ద డాక్టరుగారు. నేనూ అదే అనుకున్నాను.

జనానా పెట్టెలో

రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను. చేతిలో మూత బిగించిన ఖాళీ గాజుజాడీ. దవాఖాన వాళ్ళ జాడీ వాళ్ళకే ఇచ్చేయాలి కాబట్టి మాది పట్టుకెళ్తున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మేడ్చల్ దాటేదాకా దాన్నే చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఖాళీ జాడీ వట్టుకొని ఎటు పోతున్నవ్ బిడ్డా? తొక్కు ఎవలన్న వెట్టిస్తున్నరా?"

మా బాపట్లలో ఊరగాయ అనేదాన్ని ఇక్కడ తొక్కు అంటారు. అవునన్నాను. ఆ ఒక్క మాటతో పెట్టె పెట్టెంతా నాకు పచ్చళ్ళ పాఠం చెప్పింది. తర్వాత పెళ్ళయిందా అన్నారు. లేదన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళకు పెళ్ళి కాకపోవడానికీ, ఖాళీ జాడీతో తిరగడానికీ ఏదో సంబంధం ఉందని వాళ్ళకు తోచినట్టుంది, నా మీద జాలిపడి సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ కలిపి గిన్నెకు అంటించి కాల్చింది. మా వైపు దిబ్బరొట్టె దీని ముందు దిగదుడుపే. బాపట్లలో ఎవరికీ చెప్పకండి.

కామారెడ్డి

స్టేషన్ బయటే బెల్లం వాసన కొట్టింది. బండ్ల మీద బెల్లం దిమ్మలు, వాటి మీద ఈగలు, ఈగల్ని పట్టించుకోని మనుషులు. చాయ్ తాగి, మా ఊరి నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు రూపాయి ఇచ్చాను. కొట్టతను దాన్ని బల్ల మీద మోగించి, "హాలి సిక్కా లేదా అమ్మా?" అన్నాడు. నిజాం రూపాయి, ఇంగ్లీషు రూపాయి వేరువేరని ఇన్నేళ్ళు హైదరాబాదులో ఉండీ మరిచిపోయాను. చిల్లర విషయంలో కాస్త మోసపోయాననుకుంటాను. చాయ్ మాత్రం బాగుంది.

డాక్టరు మంచివాడే. అలసిపోయిన మనిషి. బీరువాలోంచి జాడీ తీసి, రెండింటినీ జాగ్రత్తగా మా జాడీలోకి మార్చాడు. నా పిడికిలి కంటే చిన్నవి. కుడిదానికి తెల్లదారం, ఎడమదానికి నల్లదారం కట్టి ఉన్నాయి.

"వాళ్ళ నాన్నకు చెప్పారా?" అన్నాను.

"ఆ మనిషి బిడ్డను భుజాన వేసుకొని ఎప్పుడు పోదామా అని నిలబడ్డడు. అప్పుడు గుర్దాల సంగతి ఎట్ల చెప్పాలె? మీరు చెప్పండి" అన్నాడు.

గుర్దాలంటే మూత్రపిండాలే. మీరు చెప్పండి అంటే తన స్థితి అర్థం చేసుకోమన్నాడో, ఆ పని నన్ను చేయమన్నాడో తేలలేదు. జాడీ అక్కడే ఉంచి వెళ్దామనుకున్నాను. డాక్టరు ఆ సాయంత్రం ఊరికి వెళ్తూ బీరువా తాళం తీసుకుపోతానన్నాడు. వరిగడ్డి చుట్టి, గోనెసంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

లింగంపేట దగ్గర

బస్సు చక్రం లింగంపేటకు ముందే పేలింది. డ్రైవరు దిగి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చెట్టు కింద కూర్చొని బీడీ ముట్టించాడు. ఈ బస్సు ఈ పూట కదలదని అందరికీ తెలిసిపోయింది. ఎల్లారెడ్డి వెళ్ళే ఎడ్లబండి ఒకటి దొరికింది. తోలే మనిషి రాజన్న. ఆరణాలు అడిగాడు, నాలుగణాలకు ఒప్పుకున్నాడు, ఎక్కాక ఎందుకు తగ్గించానా అని దారంతా నొచ్చుకున్నాడు.

ఆ దారి కుదుపులకు సంచి కింద పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులా పట్టుకున్నాను. రాజన్న వెనక్కి తిరిగి చూశాడు.

"ఏందమ్మా అది? పసిపిల్లను వట్టుకున్నట్టు వట్టుకున్నవ్."

"మందులు" అన్నాను.

"ఎవలింటికి?"

"మల్లయ్య అని, వాళ్ళ పాప ఈమధ్య..."

"అయ్యో, సత్తి వాళ్ళ ఇంటికా? పాపం, వాళ్ళమ్మ సాయవ్వ అప్పటిసంది సరిగ తింటలేదు. ఏమన్న మందుంటే ఇయ్యిరాదమ్మా."

అప్పటిదాకా ఆ పిల్ల పేరు నాకు తెలియదు. డాక్టరు ఉత్తరంలో లేదు, నేను అడగనూ లేదు. సంచి నా మోకాళ్ళ మీద ఉంది. ఎల్లారెడ్డి ఎప్పుడు వస్తుందా అని కాదు, రాకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

కల్లం

రాజన్న నన్ను నేరుగా కల్లం దగ్గర దింపాడు. సాయంత్రం లింగంపేట తిరిగి పోతానని, పని అయితే రమ్మని చెప్పాడు. కోతలైపోయి నూర్పిళ్ళు జరుగుతున్నాయి. పేడతో అలికిన నేల, మధ్యలో వడ్ల కుప్ప. ముక్కాలిపీట మీద నిలబడి ఒకావిడ చేటతో వడ్లు గాలికి పోస్తోంది. ఆవిడే సాయవ్వ, నా ఈడుదే.

మల్లయ్యకు నేను పట్నం దవాఖాన నుంచి వచ్చానని మాత్రం అర్థమైంది. కాగితం తీశాను. నేనింకా నోరు తెరవకముందే బొటనవేలు పంచెకు తుడుచుకొని ముందుకు చాచాడు. పటేలు కాగితమైనా, పట్వారీ కాగితమైనా, దవాఖాన కాగితమైనా ఆ వేలు అలాగే ముందుకు వస్తుందని చూడగానే తెలిసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. నేను సిరా పూసి ఆ వేలు కాగితం మీద నొక్కాను. పని అయిపోయింది. రాజన్న బండి ఇంకా అక్కడే ఉంది.

సాయవ్వ పీట దిగి వచ్చింది.

"ఏం కాగితమది?"

"మీ పాప దవాఖాన కాగితం."

"అది పోయినంక ఇంకేం కాగితం?"

ఏదో ఒకటి చెప్పి బండెక్కవచ్చు. వాక్యం కూడా నాలుక మీదకు వచ్చింది. కానీ ఆవిడ నా మొహం చూడలేదు. నేను చంకన పెట్టుకున్న సంచిని చూసింది.

"సాయవ్వా, సత్తి గుర్దాలు రెండూ డాక్టరు తీసి ఉంచారు. ఈ సంచిలో ఉన్నాయి" అన్నాను.

మల్లయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "నేనే గదా ఎత్తుకొని తెచ్చిన. నాకు తెల్వదు. నాకెవలు చెప్పలె" అని నేలకేసి చెప్పుకుంటున్నాడు. సాయవ్వ ఏడవలేదు.

"మమ్ముల అడగకనే తీసిండ్రా?"

"అడగలేదు."

"మరి నువ్వు అడగనీకె వచ్చినవా, కొంచవోనీకె వచ్చినవా?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. "తీసుకుపోవడానికే వచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను" అని, వేలిముద్ర కాగితం ఆవిడ చేతికిచ్చేశాను. "వద్దంటే జాడీ మీకే ఇచ్చి వెళ్ళిపోతాను."

ఆవిడ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "ఎందుకు కావాలె నీకు?" అంది.

చెప్పాను. పెద్ద మాటలు రాలేదు కాబట్టి, ఎదురుగా ఉన్న కుప్పనే చూపించి చెప్పాను. ఈ కుప్పలో వడ్లు ఎన్నో గింజా గింజా లెక్కపెట్టలేం కదా. పిడికెడు తీసి, లెక్కపెట్టి, కుప్పంతా ఎన్ని పిడికిళ్ళో చూస్తాం. గుర్దాలో జల్లెళ్ళూ అంతే. పిల్లలకు అవి ఎన్ని ఉంటాయో తెలిస్తే, వాపులొచ్చి పోయే పిల్లలకు ఎన్ని తక్కువయ్యాయో రేపు తెలుస్తుంది.

"పిడికెడు ఏ దిక్కుకెళ్లి తీస్తవు?"

"ఒక చోటు నుంచి."

ఆవిడ మొదటిసారి నన్ను జాలిగా చూసింది. కుప్ప దగ్గరికి తీసుకెళ్ళి, తన పీటకు దగ్గరి వైపు ఒక పిడికెడు, దూరం వైపు ఒక పిడికెడు తీసి నా రెండు చేతుల్లో పోసింది. ఒకటి బరువుగా ఉంది, రెండోదాంట్లో సగం తాలు.

"గట్టిగింజ పీట కాడ్నే వడ్తది, తాలు గాలికి దూరం పోతది. ఒక్క దిక్కుకెళ్లి తీస్తె కుప్ప లెక్క ఎట్లయితది? నడుమకెళ్లి, అంచుకెళ్లి, అడుగుకెళ్లి తియ్యాలె."

నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. గుర్దాలోనూ అంచున జల్లెళ్ళు దట్టంగా ఉంటాయి, నడుమ ఉండనే ఉండవు. ఇది మాకు తెలియని సంగతి కాదు. తెలిసీ, దొరికిన కాస్త సరుకు దాచుకోవాలని, చేతికందిన చోట ఒక్కో ముక్క గిల్లి సరిపెట్టుకున్న సంగతి. నా కళ్ళకు ఏ రోగమూ లేదు.

"లెక్కయినంక తిరిగిస్తవా?" అంది.

"లేదు. సరిగ్గా చేయాలంటే మొత్తం కోయాలి. యాసిడ్‌లో కరిగిపోతుంది. ఏమీ మిగలదు."

"రేపు కొలిచినంక చెప్త" అని మళ్ళీ పీట ఎక్కింది. రాజన్న బండి నేను లేకుండానే వెళ్ళిపోయింది.

వాళ్ళింట్లో

పోయినవాళ్ళది ఏదీ మళ్ళీ గడప లోపలికి రాకూడదని అక్కడి ఆచారం. మా వైపూ అంతే. మల్లయ్య జాడీని బయట కొట్టంలో పెట్టమన్నాడు. సాయవ్వ వినలేదు. లోపలికి తెచ్చి, గోడ గూట్లో చిన్న చెక్క దువ్వెన పక్కన పెట్టింది. దువ్వెన పళ్ళలో వెంట్రుకలు ఇంకా ఉన్నాయి.

నాకు జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, పచ్చిపులుసు పెట్టింది. రొట్టె తట్టడం నేను నిలబడి చూశాను. పుట్టినప్పటి నుంచి అన్నం తప్ప ఎరగని నాకు, ఆ రొట్టె ఒక్కటి తినేసరికి దవడలు నొప్పి పుట్టాయి. ఆవిడ తినలేదు. నేను తినమంటే వినే మనిషి కాదని అప్పటికే తెలుసు, అయినా అన్నాను. వినలేదు.

సత్తికి కచ్చితంగా ఎన్నేళ్ళని అడిగాను, మా లెక్కకు వయసే ముఖ్యం. "నిజాంసాగర్ కట్టకు రాళ్ళు మోసేటప్పుడు కడుపుల ఉండె. కట్ట పనంత అయినంక పుట్టింది" అంది. వేళ్ళు మడిచి చూసుకున్నాను. డాక్టరు రాసినట్టే ఏడు.

మర్నాడు పొద్దున

కొలిచే మనిషి లింగయ్య తాత కుంచం పట్టుకొని వచ్చాడు. ధాన్యం కొలిచేటప్పుడు మా బాపట్లలోలాగే ఇక్కడా మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పోతుంది లెక్క. ఒకటితో మొదలుపెడితే కుప్పకు బర్కత్, అంటే వృద్ధి, ఉండదట.

తాత మొదటి కుంచం నింపి ఎత్తాడు. ఎత్తి, ఆగాడు. గోనె పట్టుకున్న మల్లయ్య తల దించుకున్నాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థం కాలేదు.

"ఏటా ఆ మాట అనేది సత్తినేనమ్మా" అన్నాడు తాత నాతో, కుంచం దింపకుండానే. "నాకంటె ముందుగాల ఒర్లేది. అలవాటువడి ఆగిన."

సాయవ్వ కొంగు బిగించుకొని ముందుకొచ్చింది.

"లాభం" అంది. గట్టిగానే అంది.

తాత కుంచం గోనెలో కుమ్మరించి, "రెండు" అన్నాడు. కుప్ప అయిపోయేదాకా లెక్క అలాగే సాగింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. దుమ్మని సాకు చెప్పడానికి కల్లం మంచి చోటు.

కొలత అయ్యాక సాయవ్వ నా దగ్గరకొచ్చింది.

"రెండున్నయి గదా. ఒకటి నువ్వు కొంచవో. ఒకటి నేను దాని కాడ వెడ్త. ఏది ఏ దిక్కుదో తెలుస్తదా?"

"తెల్లదారం కుడిది."

"కుడిది నాకియ్యి. ఆ దిక్కుకే ఒత్తిగిలి పండేది, నా మొకం చూసుకుంట."

బావి దగ్గర ఆ కుడి మూత్రపిండాన్ని మందు వాసన పోయేదాకా కడిగాను. పూర్తిగా పోలేదు. మోదుగాకులో చుట్టి ఇచ్చాను. చిన్నపిల్లల్ని వాళ్ళు పూడ్చిపెడతారు. వాళ్ళు చెలక అనే మెట్టచేను అంచున, సత్తిని పూడ్చినచోటే మల్లయ్య గొయ్యి తవ్వాడు. నేను దూరంగా నిలబడ్డాను. వెళ్ళేముందు సాయవ్వ బొడ్లోంచి కాగితం తీసి, మల్లయ్య వేలిముద్ర పక్కన తన వేలు కూడా నొక్కింది.

"మూడు దిక్కులకెళ్లి తియ్యాలె, మరువకు" అంది. "ఇంకోటి. దానిది లెక్కవెట్టేటప్పుడు ఒకటి అనకు."

సరేనన్నాను.

తిరిగి వచ్చాక

రైల్లో ఈసారి కూడా ఒకావిడ జాడీలో ఏముందని అడిగింది. "సత్తి అని, ఎల్లారెడ్డి పాపది" అన్నాను. ఆవిడకు ఏం అర్థమైందో తెలియదు గానీ, జరిగి సంచికి చోటిచ్చింది.

పెద్ద డాక్టరుగారు జాడీ వెలుతురుకు పట్టి చూసి, "ఒకటే ఉందే! రెండోది?" అన్నారు.

"వాళ్ళమ్మకు ఇచ్చేశాను."

వేలిముద్రలు రెండున్న కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన అది చదివి దస్త్రంలో పెట్టుకున్నారు. ఇకమీదట వేలిముద్ర కోత అయ్యాక కాదు, ముందే అడిగి తీసుకోవాలని అన్ని దవాఖానలకూ ఉత్తరం రాయమన్నాను. రాస్తానన్నారు. ఇంకా రాయలేదు, రోజూ గుర్తుచేస్తున్నాను.

మూత్రపిండాన్ని నడుమ నుంచి, రెండు కొసల నుంచి, అంచు మొదలు అడుగు దాకా కోశాను. దాచుకోవడానికి ఏమీ ఉంచలేదు. నానబెట్టి, కలిపి, మొదటి చుక్క పలక మీద వేసి కన్ను ఆనించాను. మొదటి గడిలో, ఎర్రరంగు పట్టి, ఆవగింజలో వందో వంతు కూడా లేని గుండ్రటి జల్లెడ కనబడింది. పక్క బల్ల దగ్గర పెద్ద డాక్టరుగారు ఏదో రాసుకుంటున్నారు.

"లాభం" అన్నాను గట్టిగా. ఆయన తలెత్తి చూశారు.

"రెండు" అన్నాను.